లోర్నా ఇచ్చేసిన బంతి

మా టెన్నిస్ క్లబ్బులో అంపైరుండడు. మన వైపు పడ్డ బంతి లోపలో బయటో మనమే చెప్పాలి. అనుమానమొస్తే పాయింటు ఎదుటివాళ్లదే. లోర్నా ట్రెజైజ్‌కి ఈ పద్ధతంటే ప్రాణం. పోయిన శనివారం కప్పు తేలే పాయింటులో, జోడీగా పక్కనే ఆడుతున్న నేను బయటేనని అరుస్తున్నా వినకుండా, "లోపలే" అనేసింది. కప్పు పోయింది. నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఐదో రోజు కేకు డబ్బా తిరిగిచ్చే వంకతో వెళ్లాను. ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసిన మనిషి, అరవై రెండో ఏట ప్రాచీన చరిత్ర చదువుతోంది. సాయంత్రం ఐదుకల్లా వ్యాసం పంపాలి. ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే కోర్సులోంచి తీసేస్తారు. అయినా వంటింట్లో రేడియోలో మెల్‌బోర్న్ టెన్నిస్ పోటీ మోగుతూనే ఉంది. అక్కడ ఆటగాళ్లు వైపులు మారినప్పుడల్లా లోర్నా ఒక వాక్యం రాస్తోంది.

"ఏమే, రాస్తున్నావా, వింటున్నావా?"

"రెండూ చెడ్డాయి బెరిల్! ఈజిప్టు రాజేమో యుద్ధం నేనే గెలిచానని గుడి గోడల మీద చెక్కించాడు. అవతలి హిట్టైట్లేమో మేమే గెలిచామని మట్టిపలకల మీద రాసుకున్నారు. ఎవర్ని నమ్మేది? మెల్‌బోర్న్‌లో అయితే బంతి లోపలో బయటో యంత్రం చెప్పేస్తుంది."

"నిన్ను నిలబెట్టాల్సింది అక్కడ! కప్పు పోతున్నా ఎదుటివాళ్ల బంతి లోపలే అంటావు. అందుకే ఈ ఊళ్లో నీ మాటకి తిరుగులేదు మారాణీ."

దెప్పుదామనే అన్నాను. లోర్నా కలం ఆగిపోయింది.

"మళ్లీ అను." గబగబా పేజీలు తిప్పింది. "ఇదిగో! శత్రువు గూఢచారులు తనని బోల్తా కొట్టించారని ఆ రాజే ఒప్పుకున్నాడు. గెలిచానన్నది ఎలా ఉన్నా, ఇంత వెధవనయ్యానని ఎవడైనా ఊరికే చెక్కించుకుంటాడా? ఇది నమ్మొచ్చే!"

మూడో సెట్టు ఐదు-ఐదు దగ్గర రేడియో కట్టేసింది. ఎవరు గెలుస్తారోనని నా ప్రాణం గిలగిల్లాడింది. తను తల ఎత్తలేదు. ఐదుకి ఆరు నిమిషాలుందనగా పంపేసింది.

టీ పోస్తూ అడిగింది. "ఆ బంతి నీ కళ్లెదురుగా పడిందిగా. నిజంగా బయటేనా?"

బయటేనని నాలుగు రోజులుగా ఊరంతా చాటాను.

"గీత మీదే పడిందే. సున్నం లేవడం చూశాను."

"నమ్ముతాను," అని లోర్నా రేడియో మళ్లీ పెట్టింది.