విశ్వకర్మ పూజనాడు నేను వెలిగించిన ఫోను

దేవుడున్నాడని నలభై మంది ఎదుట నిరూపించిన నాస్తికుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి. ఆ ఘనకార్యం చేసింది నేనే. అదీ ఒక పాత డయలు ఫోనుతో, గోరంత బల్బుతో. ఏ స్వాములవారైనా పదేళ్లు మా వీధిలో తిష్ఠ వేసి ఉపన్యాసాలిచ్చినా, భక్తి అంతలా పెరిగేది కాదు.

నాకప్పుడు ముప్పై ఏళ్లు. టాటానగర్ టెల్కో కాలనీలో ఒక బడిలో సైన్సు మాస్టర్ని. (అప్పుడే నవ్వకండి, నవ్వాల్సింది ముందుంది.) ఆదివారం సభల్లో మూఢనమ్మకాల మీద నేనెంత గట్టిగా విరుచుకుపడేవాణ్ణంటే, నేను లేవగానే మైకువాడు వాల్యూము తగ్గించేసేవాడు. పెళ్లి కూడా పురోహితుడు లేకుండా, దండలు మార్చుకుని, రెండు ఉపన్యాసాలతో చేసుకున్నాను. రెండో ఉపన్యాసం నాదే.

దాంతో మా మావగారు అప్పలస్వామిగారు నాతో మాట్లాడటం మానేశారు. టాటానగర్ రైల్వేలో టెలిఫోన్లు బాగుచేసి రిటైరైన మనిషి. మా ఇంట్లోనే ఉంటారు, నా పక్కనే కూర్చుని భోంచేస్తారు. కాని నాలుగేళ్లుగా నేరుగా ఒక్క పలుకు లేదు. ఏం కావాలన్నా మా ఆవిడ పార్వతి ద్వారానే.

"అమ్మా, మీ ఆయన్ని ఉప్పందీమను."

ఉప్పు నా మోచేతి దగ్గరే ఉండేది. వాదించేవాణ్ణయితే ఓడించగలను గాని, మాట్లాడని మనిషిని ఏం పెట్టి ఓడించను? ఆయన నోట ఒక్కసారి "అల్లుడూ" అనిపించుకోవాలని లోలోపల నాకు మహా కోరిక.

ఆ సెప్టెంబరులో ఒకనాడు ఆయన ట్రంకుపెట్టెలోంచి ఒక ఫోను తీసి బల్ల మీద పెట్టారు. పాత బంగళా ఖాళీ చేస్తూ ఏ దొరో వదిలేసిన విదేశీ సరుకు. రిసీవరు ఎత్తితే డయలు వెనక చిన్న బల్బు వెలిగి, అంకెలన్నీ పసుప్పచ్చగా మెరిసేవట. అది ఆరిపోయి ఇరవై ఏళ్లు.

"అమ్మా, మీ ఆయన సైన్సు మాస్టరు కదేటి. దీనికి లైటెలిగించమను."

పరీక్ష! వారం రోజులు తిండి మీద ధ్యాస లేదు. డయలు విప్పి అంకెల పలకని టూత్‌పేస్టుతో తోమాను. నా పళ్లు కూడా ఎన్నడూ అంత శ్రద్ధగా తోముకోలేదు. స్ప్రింగుకి చుక్క నూనె వేశాను. పొడిపొడిగా రాలుతున్న వైర్లు మార్చాను. సాక్చి బజారంతా గాలించి బల్బు తెచ్చాను. ఇక మిగిలింది కరెంటు. ఇంటి కరెంటుని ఆరు వోల్టులకు దించే చిన్న ట్రాన్స్‌ఫార్మరు మావగారి పెట్టెలోనే దొరికింది. అటు రెండు వైర్లు, ఇటు రెండు వైర్లు, నాలుగూ నల్లవే. ఒక పక్క మాత్రం ఎవరో '6' అని రాసి చీటీ అంటించారు.

మావగారు కూతురితో అన్నారు: "రేపు విశ్వకర్మ పూజ. పనిముట్టు ముట్టుకోకూడదు. ఎల్లుండి ఏ పక్క ఏదో మీటరెట్టి సూసి, అప్పుడు కరెంటియ్యమను."

మా ఊళ్లో ఆ రోజు కార్ఖానాలో క్రేను మొదలుకొని సైకిలు షాపులో పానా దాకా అన్నీ బొట్టు పెట్టించుకుని సెలవు తీసుకుంటాయి. నేనూ తీసుకుంటే పోయేది. కాని ఎదురింటి సూర్నారాయణ బావ, పూజ పందిరికి పెద్ద, అప్పుడే గేటు దగ్గర నిలబడ్డాడు.

"బావా, పూజ్రోజు స్క్రూడ్రైవరట్టుకుంటే ఏటవుద్దో తెలుసా?"

"ఏమవుతుంది?"

"విశ్వకర్మ ఊరుకోడు."

"అయితే రేపు మీ హారతి టైముకి, అందరి ఎదుటా వెలిగిస్తాను. ఊరుకుంటాడో లేదో చూద్దాం."

"పాగల్ హో క్యా? పిచ్చెక్కిందా?" అంది పార్వతి. "నాన్న ఎల్లుండన్నారు కదా!"

"హేతువాదానికి పంచాంగం లేదు," అన్నాను. ఈ వాక్యం అప్పట్లో నాకు తెగ నచ్చింది.

మర్నాడు సాయంత్రం మా వరండాకి ఎదురుగా పందిరి వెలిగిపోతోంది. పందిట్లో లైట్లకీ మైకుకీ కరెంటు మా ఇంటి బోర్డు నుంచే. పొరుగువాళ్లకి ఇవ్వనంటే బాగోదని నేనే ఇచ్చాను. వైర్లు పరీక్షించే మీటరు కోసం వెతికితే, అది దేవుడి గదిలో కుంకుమబొట్టు పెట్టుకుని, బంతిపూల దండ వేసుకుని పెళ్లికొడుకులా కూర్చుని ఉంది.

"పార్వతీ, ఆ మీటరిలా ఇయ్యి."

"ఇవ్వను. పూజలో ఉంది."

"ఒక్క నిమిషమే."

"దేవుడి మీద సవాలుకి దేవుడి దగ్గరే అరువు తెచ్చుకుంటావా? శరమ్ నహీ ఆతీ? సిగ్గులేదూ?"

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. మీటరు లేకపోతేనేం, చీటీ ఉందిగా! ఆరు అని రాసిన పక్క బల్బుకి, రాయని పక్క ప్లగ్గుకి. అయిపోయింది.

వరండాలో బల్ల, బల్ల మీద ఫోను, చుట్టూ నలభై మంది, వాళ్లలో సగం మంది చేతుల్లో వీడియో తీస్తున్న సెల్‌ఫోన్లు. రిసీవరు ఎత్తి పక్కన పెట్టాను. "కారణం లేనిదే కార్యం లేదు!" అని గర్జించి స్విచ్చి వేశాను.

వెలిగింది. వెలగలేదనడానికి వీల్లేదు. మెరుపు తీగలా ఒక్క వెలుగు, ఠాప్మని ఒక్క చప్పుడు. బల్బు పొడిపొడి. ట్రాన్స్‌ఫార్మర్లోంచి పొగ. మా ఇల్లు, పందిరి, మైకు, మైకులోని భజన అన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. ఎదురుగా హారతి పళ్లెంలో కర్పూరం మాత్రం నిశ్చింతగా వెలుగుతోంది.

"బోలో విశ్వకర్మ భగవాన్ కీ!" అని కేకేశాడు సూర్నారాయణ బావ.

"జై!" అన్నాయి నలభై గొంతులు. నాలుగేళ్ల నా ఉపన్యాసాలకి కలిపి అన్ని చప్పట్లు పడలేదు.

అప్పుడు మావగారు టార్చిలైటుతో వచ్చారు. ట్రాన్స్‌ఫార్మరుని అటూ ఇటూ తిప్పి చూశారు. పక్కన కూతురు లేదు. నా మొహం మీదికే లైటు వేశారు.

"ఏటయ్యా అల్లుడూ, ఇది తిరగేసి ఎట్టీసేవేటి? ఆరోల్టుల పక్కకి ఇంటి కరెంటిచ్చీసేవు!"

"ఆరు అని చీటీ ఉన్న పక్క బల్బుకే ఇచ్చానండీ..."

"ఎవుడు రాసేడు?"

"తెలీదండీ."

"తప్పు పక్క అంటించీసేడు. సరిగ్గా రాసేడో నేదో సూసేవా?"

"లేదండీ."

"మరి మీటింగుల్లో 'రాసుందని నమ్మీకండి, పరీచ్చించి సూడండి' అని మైకిరిగిపోయీలాగ అరిసీది ఎవుడు?"

నలభై మందీ పొట్టలు పట్టుకున్నారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నవాళ్లుంటారు. నేను మీటరుతో పోయేదాన్ని మీటింగు దాకా తెచ్చుకున్నాను.

"అంతా విశ్వకర్మ మహిమ!" అన్నాడు బావ, చేతులు జోడించి.

మావగారు గిర్రున తిరిగారు. "నోర్ముయ్ రా! దేవుడికి ఇంకో పనేటి నేదా? ఈడు వైరు తిరగేసేడు, ఫ్యూజెగిరింది. అంతే."

పాఠకులారా, ఆ చీకట్లో హేతువాదం వైపు మాట్లాడిన ఏకైక మనిషి, నుదుట మూరెడు కుంకుమ పెట్టుకున్న మా మావగారు.

పార్వతి నా చెవిలో అంది: "విన్నావా? నాన్న నీతో మాటాడేరు!"

"తిట్టారు."

"తిట్టినా నిన్నే కదా."

మర్నాడు ఆయనే ఇంకో ట్రాన్స్‌ఫార్మరు తెచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. మీటరు ఓములు ఎక్కువ చూపించే పక్క ఇంటి కరెంటుకి, తక్కువ చూపించే పక్క బల్బుకి. రెండు గంటలు నేర్పారు. అందులో గంటన్నర తిట్లే. ఒక్క తిట్టూ పార్వతి మీదుగా రాలేదు. డయలు పసుప్పచ్చగా వెలిగింది.

ఇప్పటికీ ఏటా పూజనాడు పొద్దున్నే మొదటి ప్రసాదం మా ఇంటికే వస్తుంది. సూర్నారాయణ బావ స్వయంగా తెస్తాడు. "తినీ బావా. ఇయ్యాల ఒక్కరోజు మాత్రం ఏటీ నిరూపించీకు."

కాబట్టి ఇందుమూలంగా నేను ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట కొలవకుండా కరెంటు ఇవ్వను, కరెంటు ఇస్తూ ఉపన్యాసమివ్వను, ఈ రెంటిలో ఏది తప్పినా నన్ను ఇంకో నాలుగేళ్లు వెలివేయవచ్చు.

ఇక మీ వంతు. మీ ఇంట్లోనూ నాలాంటి వాదవీరుడు ఒకడుంటాడు, ప్లగ్గు చేత్తో పట్టుకుని, నోరు తెరిచి. కూర్చుని చదువుతారేం? లేవండి! ముందు వాడి చేతిలోంచి ఆ ప్లగ్గు లాగేయండి. వాదన తర్వాత చూసుకుందాం.