గుంజితే ఆగని పట్టీ

మా పటాలం గండికోట చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. యాభైల నాటి ఎండాకాలం. పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. గుడారంలో ఇనుప మంచం ముట్టుకుంటే చెయ్యి కాలింది.

నాది వైర్‌లెస్ జీపు. నడిపేవాడు కోసిగివాడు, బావులు తవ్వే ఇంట పుట్టినవాడు. మా మెకానిక్ హవల్దారు పాత విమానం సీటు బెల్టు పట్టీలు రెండు తెచ్చి, పరీక్షకని మా ముందు సీట్లకు బిగించాడు. కట్టుకోవాలని ఆర్డరు.

బావిలో దిగేముందు మోకును గుంజి చూడటం డ్రైవరు ఇంటి ఆచారం. పట్టీనీ అలాగే గుంజాడు. అది సర్రున సాగింది.

"ఏమప్పా, ఇది వచ్చేస్తాండాది! ఇట్లాంటి మోకును నమ్మి దిగింటే మావోళ్లు ఎప్పుడో పోయింటారు."

పట్టీని సీటు వెనక్కి తోసేశాడు. నేను ఆర్డరంటే ఆర్డరని కట్టుకున్నాను.

జమ్మలమడుగు వైపు దిగుతుంటే బ్రేకు పోయింది. జీపు వంకలోకి ముక్కు పెట్టి దిగబడింది. నా పట్టీ నన్ను సీటుకు అదిమింది. డ్రైవరు అద్దం పగులగొట్టుకుని బానెట్ మీద పడ్డాడు. వైర్‌లెస్ మాత్రం "బండి యాడ? జవాబియ్యండి" అని అరుస్తూనే ఉంది. సెట్టు నా చేతికి అందలేదు.

ఆసుపత్రిలో హవల్దారు చెప్పాడు. "పట్టీ చుట్టుకునే డబ్బాలో ఇనుప గుండు ఉంటుంది. చేత్తో గుంజితే దానికి తెలీదు. బండి ఠక్కున ఆగితే గుండు ఆగదు, ముందుకు దొర్లుతుంది. దొర్లి మేకును పళ్లచక్రంలోకి నెడుతుంది. అప్పుడే పట్టీ బిగుస్తుంది."

"ఆ మాట అతనికెందుకు చెప్పలేదు?"

"ఆఫీసర్లకు చెప్పినాను."



సెలవు దొరకగానే, చనిపోయిన డ్రైవరు పెట్టె తీసుకుని కోసిగి వెళ్లాను. అతని తండ్రి పెట్టె తెరవలేదు.

"కడాకు నీళ్లన్నా అడిగినాడా నాయనా?"

"అడిగినాడు."

"తాపినావా?"

  జీపు ముక్కు మీద నిలబడి ఉన్నంతసేపూ గుండు వెనక్కి దొర్లలేదు, పట్టీ బిగుసుకునే ఉంది. నా బరువంతా దాని మీదే, కొక్కెం ఊడలేదు. వాటర్ బాటిల్ నా చేతిలోనే ఉంది. విసిరితే పట్టుకునే శక్తి అతనికి లేదు. బానెట్ మీంచి దోసిలి చాచి నన్నే చూస్తున్నాడు. జానెడు దూరం.

ఇన్నేళ్లయినా ఆ దోసిలి అలాగే చాచి ఉంది.