నాలుగో రోజు శాంపిల్

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, తెల్లకోటు వేసుకుంటే సగం డాక్టర్ని అయిపోయినట్టే అనుకునేదాన్ని. భవానీపురంలో ఓ చిన్న ల్యాబులో టెక్నీషియన్‌గా చేరి మూడు నెలలైంది. కంకిపాడులో మా ఇంటికి వెళ్తే అన్నం ముందు కూర్చుని కూడా కణాల గురించే మాట్లాడేదాన్ని (నాన్న పాపం పెరుగన్నం దాకా ఓపిక పట్టేవాడు). నా మాటలు నిజంగా నమ్మింది మా వదిన ఒక్కతే. పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లల్లేరని చుట్టాలు తలో మాటా అంటుంటే, "చిట్టీ, మీ ల్యాబులో నాకేమైనా పరీక్ష చేస్తావా?" అని తనే అడిగింది.

మా ఇంట్లో నెలసరి మూడు రోజులూ ఆడవాళ్లు గడప దాటరు. అందుకని వదిన నాలుగో రోజు పొద్దున్నే తలస్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని బస్సెక్కి వచ్చింది. ఆమె ఇచ్చిన మూత్రం శాంపిల్‌ని మైక్రోస్కోపు కింద పెడితే ఎటు చూసినా తెల్లకణాలే. తెల్లకణాలంటే చీము, చీమంటే జబ్బు, నా చదువు అంతవరకే. రిపోర్టులు చూసి సంతకం పెట్టే మా ల్యాబు డాక్టరమ్మ సెలవులో ఉన్నారు. ఆవిడ సంతకమైనా పడకముందే ఇంటికెళ్లి, "వదినకి లోపల ఇన్ఫెక్షనుంది" అని అందరి ముందూ చెప్పేశాను.

అమ్మ ముఖం మాడిపోయింది. "అదీ సంగతి! పుట్టింటికెళ్లి నయం చేయించుకుని రమ్మనండి" అంది. అన్నయ్య తలెత్తలేదు. వదిన సంచి సర్దుకుని ఉయ్యూరు వెళ్లిపోయింది.

సోమవారం డాక్టరమ్మ సంతకం పెట్టబోతూ ఆగారు.

"ఏ రోజున ఇచ్చిందమ్మా ఇది?"

"నాలుగో రోజండీ, తలస్నానం చేసొచ్చి."

ఆవిడ కళ్లజోడు తీసి నా వంక చూశారు. "గర్భసంచిలో పాత పొర రాలిపోతుంటే దాన్ని శుభ్రం చేసేదీ, కొత్త పొర లేవడానికి సాయం చేసేదీ ఆ తెల్లకణాలేనమ్మా. నెలనెలా వస్తాయి, పనయ్యాక తగ్గిపోతాయి. అవే ఇందులో కలిసొచ్చాయి. సున్నాలేస్తున్న ఇంటికెళ్లి, ఇంతమంది పనివాళ్లేంటని పోలీసుల్ని పిలిచినట్టుంది నీ వరస. వారం ఆగి మళ్లీ తెప్పించు."

మామూలప్పుడైతే పడీపడీ నవ్వేదాన్ని. ఆ పూట నవ్వు రాలేదు. వారమాగి నేనే ఉయ్యూరు వెళ్లి శాంపిల్ తెచ్చాను. తెల్లకణాలు ఒకటీ అరా తప్ప లేవు. వదినని వెంటబెట్టుకుని ఇంటికెళ్లి, అందరి ముందూ అన్న మాటని అందరి ముందే వెనక్కి తీసుకున్నాను. "నువ్వు చెప్పావనేగా నేనన్నది" అని అమ్మ గొణిగింది. వదిన మాత్రం నాకు అన్నం వడ్డిస్తూ మెల్లిగా అంది.

"అంతసేపు ఆ గొట్టంలోంచి చూశావు కదా చిట్టీ, పక్కనే బెంచీ మీద కూర్చున్నాను. ఇంకా అవుతోందా వదినా అని నన్నొక్క మాట అడిగితే చెప్పేదాన్నిగా."

ఇప్పుడు నాకే ఓ ల్యాబుంది. ఆడవాళ్లెవరొచ్చినా ముందు "ఇవాళ ఎన్నో రోజమ్మా?" అని అడుగుతాను. కొత్తగా చేరిన అమ్మాయిలు నా చాదస్తానికి చాటుగా నవ్వుకుంటారు. వాళ్ల తెల్లకోట్లు, ఆ నడక చూస్తే నాకూ నవ్వొస్తుంది. వదిన సంచి గుర్తొచ్చేదాకా నవ్వుతూనే ఉంటాను.