చెల్లెకు నేను పెట్టిన పేరు

వాన పడి పెంటకుప్ప తడిసిన వాసన వస్తే ఇప్పటికీ మా చెల్లె గుర్తొస్తుంది.

అవ్వకు నా తర్వాత ఇద్దరు పుట్టి దక్కలేదు. అందుకే చెల్లెను కనగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, తిరిగి ఎత్తుకుని, పెంటమ్మ అని పేరు పెట్టింది. "గీ పేరుంటే సావు గూడ ముట్టదు బిడ్డా," అనేది.

మందమర్రిలో చెల్లెను బడిలో చేర్పించిన రోజు, పిల్లలు నవ్వుతారని సిగ్గుపడి సారుకు నేనే "పద్మ" అని చెప్పాను.

ఆ వానాకాలం చెల్లెకు జ్వరం వచ్చింది. "పెంటమ్మా, కండ్లు తెరువే," అని అవ్వ ఏడుస్తుంటే, "నా పేరు పద్మ గదా అవ్వా," అంది. అవే చివరి మాటలు.

అవ్వ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. జ్వరం పేర్లు చూడదని ఇప్పుడు తెలుసు. అయినా నా బిడ్డను వాకిట్లో నిలబడి పేరు పెట్టి పిలవాలంటే, ఆ పేరు చావు వింటుందేమోనని నోరు రాదు.