మళ్లీ రాని పూత

ప్రయోగశాలలో ఆవిడను అందరూ వాక్యూమక్క అనేవారు. ఎదురుగా మాత్రం మేడమ్. పంపు గొంతు మారినా, ఛాంబర్‌లోకి గాలి ఎటునుంచి దూరుతోందో తెలియకపోయినా "వాక్యూమక్కని పిలవండ్రా" అన్న కేక నడవాలో వినిపించేది. ఆవిడకూ వినిపించేది. కోప్పడే ఓపిక లేక ఊరుకునేది.

యాభైకి దగ్గరపడిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. బట్టలు కుట్టే దుకాణం నడుపుకునే అక్కతో కలిసి, ఆ దుకాణం పైనున్న రెండు గదుల్లో ఉండేది. పనిచేసేది నేలమాళిగలో, కిటికీ లేని గదిలో. పొద్దున్నే వచ్చి, ఛాంబర్ అనే ఉక్కు డబ్బాలో ఒకవైపు జింక్ ఆక్సైడ్ బిళ్ళను, దానికెదురుగా గోరంత సిలికాన్ ముక్కను బిగించేది. పంపు లోపలి గాలంతా తోడేసేదాకా పడిగాపులు కాసేది. ఆ తర్వాత లేజర్ టిక్కుటిక్కుమంటూ బిళ్ళను కొట్టేది. కొట్టినప్పుడల్లా బిళ్ళ మీంచి నీలిమంట నాలుక చాపినట్టు లేచి, ఎదుటి ముక్క మీద కంటికి ఆనని పూత వేసేది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే అది పచ్చిక మొలిచినట్టు ఉండేది. ఒక్కో పరక వెంట్రుక మందంలో వెయ్యోవంతు.

"పొద్దస్తమానం కుడితే నాకో చొక్కా తేలుతుంది. నీకేం తేలిందే?" అని అడిగేది అక్క.

"తేలిందక్కా. కనపడదంతే."

"జనం అలాంటి చొక్కాలే తొడుక్కుంటామంటే నా కొట్టు మూసుకోవాల్సిందే తల్లీ."

ఇలాంటి పూతలు గ్యాసు లీకైతే పసిగడతాయి. కాకపోతే బాగా వేడిచేయాలి. కొన్నేళ్ల కిందట ఆవిడ చేతిలో ఒక పూత మాత్రం ఏ వేడీ లేకుండానే, రవ్వంత అమ్మోనియా తగలగానే పసిగట్టింది. ఆ ప్రయోగశాల నడిపే ప్రొఫెసరుగారు ఎగిరి గంతేశారు. పరిశోధన పత్రం అచ్చయింది. మొదటి పేరు ఆవిడదే. కానీ ఆ పూత మళ్లీ రాలేదు. లేజర్ జోరు పెంచి చూసింది, తగ్గించి చూసింది. వేడి మార్చింది, ఆక్సిజన్ మార్చింది. పచ్చిక మొలిచేది గానీ దానికి ఆ వాసన తెలిసేది కాదు. ఇంటికొచ్చాక కూరలో ఉప్పేశానో లేదో గుర్తులేక రెండుసార్లు వేసేది. అక్క ముద్దముద్దకీ నీళ్లు తాగేది.

ఒకరోజు మరో ప్రయోగశాల నుంచి ఒక పరిశోధకురాలు ఫోన్ చేసింది.

"మేడమ్, మీరు రాసింది రాసినట్టే చేస్తున్నాం. మాకు రావట్లేదు. పత్రంలో రాయని కిటుకేదైనా ఉందా?"

"నాకూ రావట్లేదమ్మా" అంది ఆవిడ.

ఈ మాట ఎవరితోనైనా అనడం ఆవిడకు అదే మొదలు. ఫోన్ పెట్టేశాక సొరుగు తెరిచి ఒక చిన్న డబ్బా బయటికి తీసింది.

ఆ పాత పూతలో చివరి తునక ఒకటి డబ్బాలో భద్రంగా ఉంది. లోపలేముందో తేలాలంటే దాన్ని విరిచి, విరిగిన అంచును చూడాలి. విరిస్తే మళ్లీ గ్యాసు పరీక్షకు పనికిరాదు. ఇన్నాళ్లూ ఆ ధైర్యం చేయలేదు. ఆ మధ్యాహ్నం వజ్రపు మొనతో గీటుపెట్టి, పుటుక్కున విరిచేసింది.

మైక్రోస్కోప్‌లో పరకల మీద సన్నటి గుండ్రటి చుక్కలు కనిపించాయి. అవేమిటో ఎక్స్-రేలతో తేల్చింది. వెండి.

అప్పుడు తట్టింది. ఆ పూత వేయడానికి ముందు వారం వేరేవాళ్లు అదే ఛాంబర్‌లో వెండి పూతలు వేసుకున్నారు. తన జింక్ బిళ్ళ కూడా అప్పుడు లోపలే ఉండిపోయింది. పక్కపక్కనే ఉండే బిళ్ళలు కదా, వెండి తుంపర్లు దాని మీద పడ్డాయి. ఎప్పటిలాగే గరుకు కాగితంతో రుద్దింది. రుద్దినా పోనిది పూతలోకి ఎక్కింది. వాసన పట్టింది ఆ వెండి వల్లే. పత్రంలో మాత్రం వట్టి జింక్ ఆక్సైడ్ అనే ఉంది.

ప్రొఫెసరుగారు తెరమీది బొమ్మను చాలాసేపు చూశారు.

"కావాలనే కలిపామని రాసేస్తే?"

"కలపలేదు కదండీ."

"నాకూ తెలుసులేమ్మా. నోరు ఊరుకోక అన్నాను." కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నారు. "సరే, వెనక్కి తీసుకుందాం."

పత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు. నడవాలో కొన్నాళ్లు గుసగుసలు నడిచాయి. ఆవిడ ఫోన్ చేసి ఆ పరిశోధకురాలికి వెండి సంగతి చెప్పేసింది. తనూ వెండి కలిపి చూసింది. పూత పనిచేసింది గానీ అంతంతమాత్రమే. పాళ్లు కుదర్చాలంటే ఇంకెంత కాలం పడుతుందో అనిపించి, మొదటిసారి ఒక పనిని మధ్యలో వదిలేసింది.

ఏడాది తిరిగాక ఆ అమ్మాయే పాళ్లు కుదిర్చి పూత చేసింది. పాతదానికి దీటుగా పనిచేసిందట.

"మేడమ్, మీ పేరు ముందు వేస్తాను."

"చివర్న వెయ్యి తల్లీ. ముందున్న పేరుతో చాలా పడ్డాను."

ఆ సాయంత్రం పెందరాళే ఇల్లు చేరి, పైకెక్కే ఓపిక లేక అక్క దుకాణంలోనే గుడ్డల మూటకు ఆనుకుంది. బొత్తాలు ఎంచుకుంటున్న ఒకావిడ వంగి చూసింది.

"మీ చెల్లెలికి ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. నిద్రపోతోంది" అని అక్క మిషను ఆపేసి, మిగతా కుట్టు చేత్తో కుట్టుకుంది.