అత్త ఇనప మూకుడు

మొన్న శుక్రవారం పొద్దున్నే వాకిట్లో బొగ్గుల పొయ్యి విసురుతున్నాను. అత్త కొడుకు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కాళ్లకు చెప్పులు లేవు. "అక్కా, అమ్మ నేదు" అన్నాడు. విసనకర్ర నా చేతిలో అలాగే ఆడుతూ ఉంది. మాట వినబడింది గాని బుర్రకెక్కలేదు.

సొంత అత్త కాదు. హౌరా టికియాపారాలో రైల్వే క్వార్టర్ల వెనక సందులో మా పక్కింటావిడ. భర్త రైల్వేలో ఖలాసీ. శ్రీకాకుళం నుంచి కొత్త కోడలిగా హౌరా స్టేషన్లో దిగిన నాకు ఈ ఊళ్లో దగ్గరైన మొదటి మనిషి ఆవిడే. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకోవాలంటారు. నాకు మంచి మాటలు రావడం లేదు, కోపం వస్తోంది. ఎవరిని అడిగి వెళ్లిపోయింది?

పుట్టింటివాళ్లు సారె కింద స్టీలు సామాను బుట్టలకెత్తి పంపారు, వండటం మాత్రం నేర్పలేదు. ఆ పలచని గిన్నెలు బొగ్గుల పొయ్యి మీద పెడితే పప్పు అడుగంటేది, అన్నం మాడేది. అత్త గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చేది.

"ఏటే పిల్లా, పప్పు వండుతున్నావా, బొగ్గులు వండుతున్నావా?"

ఒకరోజు ఆ స్టీలంతా అటకెక్కించేసింది. "మందపాటి ఇనప మూకుడు, సేతికి కుదిరిన గరిటె, కత్తిపీట, సన్నికల్లు. నేర్సుకునేదానికి ఇవి సాల్తాయి. మిగతాయి సుట్టాలకి సూపించుకోడానికి" అంది. మూకుడు తనదే ఇచ్చింది. నేను సబ్బు పెట్టి తోమబోతే చెయ్యి పట్టుకుంది. "మనకి కోక ఎలాగో ఇనుముకి నూనె అలాగే. సబ్బెట్టి దాని కోక ఇప్పీకు."

ఇప్పుడు కొత్త కాపురం పెట్టే ఆడపిల్లలూ, కలకత్తా న్యూ టౌన్లో ఒంటరిగా ఉండే ఉద్యోగపు కుర్రాళ్లూ వంటింట్లోకి ఏం కొనాలని అడిగితే నేను చెప్పేది ఆవిడ మాటే. మూకుడు కాగిందో లేదో తెలియాలంటే నీటిచుక్క చిలకరించండి. చుక్క దొర్లితే నూనె పొయ్యండి. చుయ్ మని అక్కడే ఇగిరిపోతే ఇంకాస్త ఆగండి.

పిల్లలు పుట్టిన కొన్నేళ్లకి మా ఆయన పనిచేసే ఇనప ఫౌండ్రీ గేటుకు తాళం పడింది. ఆ రోజుల్లో హౌరాలో ఏ సందులో చూసినా అదే గోడు. ఎర్రజెండాలు పట్టుకుని గేటు ముందు కూర్చున్నారు, గొంతులు పోయేలా అరిచారు, తాళం తాళంలాగే ఉంది. అటక మీది స్టీలు ఒక్కొక్కటే దిగి అమ్ముడైపోయింది. మా పొయ్యిలో పిల్లి లేవడం లేదు. పొగ రాకపోతే సందులో అందరికీ తెలిసిపోతుందని తలుపు మూసుకుని కూర్చునేదాన్ని. పిల్లలు ఏడ్చి ఏడ్చి నిద్రపోయేవారు. ఇంటి వెనక రైలు వెళ్లినప్పుడల్లా నా మనసు పట్టాల మీదికి పోయేది. దాచడమెందుకు, నిజంగానే పోయేది.

అత్త మూకుడు నా దగ్గరే ఉండిపోయింది. పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా మనలో. పెట్టివ్వడానికి పిడికెడు నూకలు కూడా లేవు. ఒక పొద్దున ఆవిడే వచ్చి తలుపు బాదింది.

"నా మూకుడేదే?"

"ఏటెట్టి ఇవ్వనత్తా? ఇంట్లో ఏటీ నేదు" అని భోరుమన్నాను.

ఆవిడ ఓదార్చలేదు. వెళ్లి, రైల్వే యార్డులో ఏరుకొచ్చిన బొగ్గు తట్టతో తెచ్చి నా పొయ్యి ముందు కుమ్మరించింది.

"అంటించు. నాలుగు నిప్పులేసి ఇయ్యి. నిప్పు మాత్రం తక్కువదేటి? రేపూ వొస్తాను, ఎల్లుండీ వొస్తాను. నువ్వు లెగకపోతే నా పొయ్యి ఎలగదు."

అగ్గిపెట్టె లేని కొంపా అది? అయినా రోజూ వచ్చింది. ఆవిడకి నిప్పు ఇవ్వాలి కాబట్టి నేను లేవాల్సి వచ్చేది. వెలిగించిన పొయ్యిని ఉత్తినే ఎలా ఉంచుతాం? కొంగులో నూకలు తెచ్చి పడేసి, "గంజి కాయి, నాకూ ఆకలేస్తంది" అనేది. కొన్నాళ్లకి తనే ఖలాసీ కుర్రాళ్లని నా దగ్గరికి నెల డబ్బుల మీద భోజనానికి తీసుకొచ్చింది. ఫౌండ్రీ గేటు మళ్లీ తెరుచుకోలేదు. ఆ పొయ్యే మమ్మల్ని బతికించింది, ఇప్పటికీ దాని మీదే వండి పెడుతున్నాను.

తర్వాత వాళ్లింటికి గ్యాసు వచ్చింది, కోడలు అంటుకోని పెనం కొంది. మూకుడు మళ్లీ నా దగ్గరికి చేరింది. "ఉంచుకో. ఇచ్చినప్పుడు మాత్రం ఉత్తిది ఇవ్వకు" అని నవ్వింది అత్త. ఈ ఆదివారం గారెలు వేసి నిండుగా పట్టుకెళ్దామనుకున్నాను. కొన్న మినప్పప్పు డబ్బాలో అలాగే ఉంది.

కొడుకు నా ఎదుట ఇంకా ఎందుకు నిలబడ్డాడో కాసేపటికి గాని తెలియలేదు. వాడి చూపు పొయ్యి మీద ఉంది.

"అమ్మ ముందు నడిసే కుండలోకి నిప్పు కావాలక్కా. సందులో అందరికీ గేసే. నీ దగ్గరే ఉంది."

పొయ్యిలో బిందెడు నీళ్లు కుమ్మరించేద్దామనిపించింది. నిప్పు లేకపోతే ఆవిడ వెళ్లలేదేమోనని ఒక పిచ్చి ఆశ. వాడు తల వంచుకుని అలాగే నిలబడ్డాడు. లోపలికెళ్లి మూకుడు తెచ్చాను. నిండా నిప్పులు ఎత్తాను.

వాళ్ల వాకిట్లో ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని ఆ నిప్పులు కుండలోకి వంచాను. బూడిద లేచి కళ్లల్లో పడింది. కుండ పట్టుకుని కొడుకు ముందు నడిచాడు. సందు మలుపు తిరిగేదాకా పొగ కనిపించింది. మూకుడు నా చేతిలో ఇంకా కాలుతూనే ఉంది.

"మూకుడు ఇలా ఇవ్వొదినా, లోపలెడతాను" అని కోడలు చెయ్యి చాచింది.

ఇవ్వలేదు. అందులో ఏమీ లేదు.