చావు కబురు చదివే రేడియో

పోయిన వారం దోహాలోని ముషైరిబ్ స్టేషన్లో మెట్రో మారుతుండగా, నా పక్కన నిలబడ్డ ఒక తెల్లమ్మాయి ఫోనులోంచి ఇయర్‌ఫోను వైరు ఊడింది. ఆమె కంగారుగా దాన్ని మళ్ళీ పెట్టుకునే లోపల వార్తలు చదివే గొంతు ఒకటి రెండు మాటలు పలికి ఆగిపోయింది. వాక్యం చివర కొంచెం పైకి లేచే ఆ ఇంగ్లీషు యాస విని నాకు పద్దెనిమిదేళ్ళయింది. నేనెక్కాల్సిన బండి వచ్చి వెళ్ళిపోయినా అలాగే నిలబడిపోయాను.

మీలో గల్ఫ్‌కు వచ్చి ఇళ్ళలో డ్రైవర్లుగా చేసినవాళ్ళకు నేను చెప్పేది అర్థమవుతుంది, ఏడాది తిరిగేసరికి యజమాని ఇంటి చప్పుళ్ళే మన చప్పుళ్ళయిపోతాయి. నేను దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో ఒక ఐర్లాండు ఇంజనీరు సారు దగ్గర చేరాను. జగిత్యాల పక్కన మదర్సాలో ఖురాను, సర్కారు బడిలో తెలుగు చదువుకున్న నాకు, అలాంటి దేశమొకటుందని వీసా వచ్చాకే తెలిసింది. భర్త పోయాక ఒంటరిదైన సారు తల్లి కూడా ఆ ఇంట్లోనే ఉండేది. తనను మేడం అని పిలిస్తే ఆమెకు గిట్టదు. అందుకని అరబ్బుల ఇళ్ళలో పెద్దావిడను పిలిచినట్టు ‘మామా’ అని పిలిచేవాణ్ణి. అల్ దోహా అల్ జదీదా పేటలో నాతో గది పంచుకున్న మా మండలం దోస్తు ఇది విని పడీపడీ నవ్వాడు. “ముసల్దాన్ని పట్టుకొని మామ అంటవా మౌల్సాబ్? రేపు బావ అంటవేమో!”

మామాకు వాళ్ళ జిల్లా రేడియో లేకుండా రోజు గడవదు. అక్కడ ఏ జిల్లాకు ఆ జిల్లా రేడియో ఉంటుందట, సారు దాన్ని నెట్‌లో పట్టి వంటగదిలోని కంప్యూటరులో పెట్టేవారు. పశువుల సంత ధరలు, ఊరి ఆటల పోటీలు, రోడ్డు మీద పడ్డ చెట్లు, అన్నీ అందులో వచ్చేవి. దేశం వార్తలు సారు చూసుకునేవారు; మామాకు మాత్రం తన జిల్లా దాటితే అంతా విదేశమే. వాళ్ళ జిల్లా వారపత్రిక తపాలాలో రెండు వారాలు ఆలస్యంగా వచ్చినా, చివరి పేజీ నుంచి మొదలుపెట్టి ముందుకు చదివేది. చలికాలంలో నేను అసర్ నమాజు చదివి వచ్చేసరికి అక్కడ పన్నెండవుతుంది, అప్పటికి మాత్రం ఆమె పెట్టించుకునే వాళ్ళ సర్కారు రేడియోలో చర్చి ప్రార్థన గంట మోగుతుంది. ఆమె చేతిలో పని ఆపి తల వంచేది. శుక్రవారం అజాన్‌కు దుకాణం షట్టరు దించే ఊరిలో ఉంటూ నేనది చూసి ఆశ్చర్యపోలేదు. రేడియో కూడా మనిషిని అల్లాహ్ వైపు తిప్పగలదని సంతోషపడ్డాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది వాళ్ళ పొద్దుటి వార్తల తర్వాత, మనకు మధ్యాహ్నం, వచ్చేది. జిల్లాలో పోయినవాళ్ళ పేర్లు. పేరు, పుట్టింటి పేరు, ఏ ఊరు, ఎవరి భార్య, ఎవరికి అక్క, పాతిపెట్టి మట్టి ఇచ్చేది ఎప్పుడు, అన్నీ తీరిగ్గా చదివేవారు. ఆ పది నిమిషాలు వంటగదిలో చెంచా చప్పుడు కూడా కాకూడదు. జొహర్ నమాజు తర్వాత అన్నం ముందు పెట్టుకుని నేనూ వినేవాణ్ణి. “సావు వార్తలు ఇననీకె జీతమిస్తుండ్రా నీకు?” అని దోస్తు ఎగతాళి చేసేవాడు.

ఒక పొద్దున సారు నన్ను కారు దగ్గరే ఆపారు. మామా చెల్లెలు పోయిందట. వాళ్ళ అమ్మ మట్టి రోజున మొదలైన తగాదాతో అక్కాచెల్లెళ్ళకు పదకొండేళ్ళుగా మాటల్లేవు. అసలే మామా గుండె బలహీనం కాబట్టి, అంతా అయ్యాక మెల్లగా చెబుదామని సారు నెట్ తీసేశారు. అడిగితే బిల్డింగంతా రావడం లేదని చెప్పమన్నారు. అలవాటుగా సరే సార్ అనేశాను.

మధ్యాహ్నం ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది. “నెట్ మాఫీ, మామా” అన్నాను, లేదని చెప్పే గల్ఫ్ అరబ్బీ మాటలో.

“కొడుకు చెబితే నమ్మేదాన్ని కాదు. నువ్వు నమాజు చేసేవాడివి” అని లేచి వెళ్ళిపోయింది.

ఆ అసర్ నమాజుకు నిలబడ్డాను కానీ, ఏడేళ్ళప్పుడు కంఠస్థం చేసిన ఖురాను సూరా మధ్యలో ఆగిపోయింది. ఇద్దరిని కలపడానికి చెప్పే మాటకు కొంత మన్నింపు ఉందని మా ఉస్తాదు చెప్పేవారు. నా మాట ఎవరిని కలిపింది? వచ్చి ఏడాది నిండలేదు, సారు వద్దంటే మర్నాడే ఊరికి విమానం. రాత్రంతా అదే భయం.

మర్నాడు జొహర్‌కు ముందే సారు ఆఫీసుకు వెళ్ళి చెప్పాను. “నిన్నటి అబద్ధం చెప్పేశాను సార్. ఇవాళ్టిది నా నోట రాదు.”

“ఆమె గుండె ఆగిపోతే నువ్వు జవాబు చెబుతావా?”

“దాన్ని ఆపేవాడు వేరే ఉన్నాడు సార్. మట్టి అయిపోయాక తెలిస్తే మాత్రం ఆమె జవాబు అడిగేది మిమ్మల్నే.”

సారు ముఖం ఎర్రబడింది. కారు తాళాలు తీసి నా చేతిలో పెట్టి, ఇంటికి పోనిమ్మన్నారు. ఇంటికి రాగానే తల్లి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తానే చెప్పారు. ఆమె ఏడవలేదు. “రేడియో పెట్టు” అంది. సారు నెట్ మళ్ళీ కలిపారు.

మూడో పేరు చెల్లెలిది. పుట్టింటి పేరు చదవగానే మామా బల్ల అంచు పట్టుకుంది. భర్త, పిల్లలు, మనవలు అయ్యాక, ఆ గొంతు ఖతర్‌లో ఉన్న ప్రియమైన అక్క అని మామా పేరు చదివింది. పదకొండేళ్ళ తర్వాత, జిల్లా అంతా వింటుండగా. సారు తల దించుకున్నారు. మామా మాత్రం కంప్యూటరు వైపు చూస్తూ, “అవును, అక్కనే” అంది, అవతల ఎవరో అడిగినట్టు.

ఆ వేసవిలో ఆమె తన దేశం వెళ్ళిపోయింది. సారూ తర్వాత వెళ్ళిపోయారు. ఆ జిల్లా రేడియో ఇంకా ఉందో, ఉంటే దాన్ని ఎందరు కలిసి కూర్చుని వింటున్నారో నాకు తెలియదు.

మా ఊళ్ళోనూ ఒకప్పుడు మసీదు మైకులో చెప్పేవారు. పోయినవాడు ఎవరి కొడుకో, ఎవరికి తమ్ముడో, ఏ వాడకట్టు మనిషో. బీడీలు చుట్టే ఆడవాళ్ళు, మతం ఏదైనా, చేతులాపి వినేవారు. ఇప్పుడు ఫోనుకు ఒక కార్డు వస్తుంది. ఫొటో, చుట్టూ పూలు, కింద పేరు. ఎవరికి ఏమవుతాడో అందులో ఉండదు. మొన్న అలాంటి కార్డు ఒకటి వస్తే, దాని కింద ఫలానా వారి తమ్ముడు, ఫలానా ఆమె పెద్ద కొడుకు అని తెలిసినంత రాశాను. నలుగురు బొటనవేలు బొమ్మ పెట్టారు. ఎవరైనా పైకి చదివారో లేదో, ఇంత దూరంలో నాకేం తెలుస్తుంది.